మూడు ఇంజిన్ల ధీమా

సంపాదకులకు నమస్కారం.

అహ్మదాబాద్ విమాన ప్రమాదం తర్వాత ‘ఇలా ఎన్నడూ జరగలేదు’ అన్న మాట టీ కొట్టు దగ్గర చాలాసార్లు విన్నాను. కారణాలు వేరు కావచ్చుగానీ, లేచీలేవగానే ఇంజిన్లు చేతులెత్తేయడం పాత కథే.

1929 మార్చి 17న అమెరికాలోని న్యూవార్క్‌లో కలోనియల్ వెస్టర్న్ ఎయిర్‌వేస్ వారి ఫోర్డ్ ట్రైమోటార్ అనే మూడు ఇంజిన్ల విమానం జనాన్ని సరదాగా ఆకాశంలో తిప్పి తెచ్చేందుకు లేచింది. ముక్కున ఒక ఇంజిన్, రెక్కల కింద చెరొకటి. ఒళ్లంతా ముడతల రేకే, మన గోదాము పైకప్పులా. ఒకటి ఆగినా రెండున్నాయిలే అన్న ధీమా. ఆ రోజు రెండింటి శక్తి పడిపోయింది. మిగిలిన ఒక్కటి అంత బరువు మోయలేకపోయింది. ఎత్తు ఉంటే చదును నేలైనా వెతుక్కోవచ్చు, అదీ లేదు. రైలు పట్టాల మీది ఇసుక వ్యాగన్‌ను గుద్దుకుంది. 15 మందిలో పైలట్ ఒక్కడే బతికాడు. అప్పటికి అమెరికాలో అదే అతి పెద్ద విమాన ప్రమాదం.

ప్రమాదం జరిగిన వారం పత్రికల్లో పేజీలకు పేజీలు వస్తాయి. దర్యాప్తు నివేదిక వచ్చిన రోజు లోపలెక్కడో నాలుగు లైన్లు! ఈసారి తుది నివేదికను మాలాంటివాళ్లకు అర్థమయ్యే తెలుగులో, బొమ్మలతో, కనీసం అరపేజీ వేయండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం