గడియారాన్ని కాదు, బండిని చూసి టోల్ వేయండి

బే ఏరియా టోల్ అథారిటీ అధ్యక్షుల వారికి,

నమస్కారం.

నేను ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఉద్యోగం మెన్లో పార్క్‌లో. రెండింటికీ మధ్య డంబార్టన్ వంతెన. ఇంట్లో ఉన్న ఒక్క కారూ మా ఆవిడ ఆఫీసుకీ పిల్లల స్కూలుకీ సరిపోతుంది కాబట్టి నేను మోటార్‌సైకిల్ మీద వెళ్లొస్తుంటాను. మీకు విన్నవించుకునేది ఒక్కటే. మీ అజమాయిషీలో ఉన్న ఏడు వంతెనల మీద మోటార్‌సైకిళ్లకు ఇస్తున్న సగం టోల్ రాయితీ రోజంతా వర్తించేలా చేయండి. పొద్దున 5 నుంచి 10 వరకు, సాయంత్రం 3 నుంచి 7 వరకు, అదీ సోమవారం నుంచి శుక్రవారం దాకానే, అదీ కార్‌పూల్ లేన్‌లోంచి (ఒకే కారులో కలిసి వచ్చేవాళ్లకు విడిగా ఉంచిన లేన్) దాటితేనే అన్న షరతులను మా బండ్లకు ఎత్తేయండి.

ఇంగ్లీషు ప్రతిని మీ ఆఫీసుకు విడిగా పంపాను. తెలుగులో రాస్తున్నది మావాళ్ల కోసం. ఫ్రీమాంట్, మిల్పిటాస్, డబ్లిన్, శాన్ రమోన్ అంతటా ఉన్నాం. టోల్ పెరిగిన ప్రతిసారీ బర్త్‌డే పార్టీల్లో, సత్యనారాయణ వ్రతాల్లో ప్లేట్లు పట్టుకుని గొణుక్కుంటాం. గొణుగుడు మీదాకా రాదు. అందుకని మావాళ్లకు కూడా లెక్క అర్థమయ్యేలా కాస్త వెనక్కి వెళ్లి చెబుతాను, ఓపిక పట్టండి.

గోల్డెన్ గేట్‌కు వేరే సంస్థ ఉంది. దాన్ని మినహాయిస్తే ఇక్కడి టోల్ వంతెనలు ఏడు: ఆంటియాక్, బెనీషియా, కార్కినెజ్, రిచ్‌మండ్, బే బ్రిడ్జి, శాన్ మాటియో, డంబార్టన్. ఒకప్పుడు రద్దీ గంటల్లో కార్‌పూల్ లేన్‌లో వెళ్లేవాళ్లకు వీటి మీద టోలే ఉండేది కాదు. 2010 జూలై 1 నుంచి వాళ్లకూ రెండున్నర డాలర్లు పెట్టారు. 2018 జూన్‌లో ఓటర్లు టోల్ పెంచే ప్రతిపాదన రీజనల్ మెజర్ 3కి సరేననడంతో మామూలు టోల్ 2019లో, 2022లో, 2025లో ఒక్కో డాలర్ చొప్పున పెరిగి 8 డాలర్లయింది. 2026 జనవరిలో ఎనిమిదిన్నర. ఇకమీదట ఫాస్‌ట్రాక్ (టోల్ తనంతట తానే కట్టే ట్యాగ్) ఉన్నవాళ్లకు ఏటా అర డాలర్ చొప్పున పెరిగి 2030 నాటికి పదిన్నర అవుతుంది. పదింటిలోపు దాటిన మోటార్‌సైకిల్‌కు నాలుగుంపావు. పదింటి తర్వాత దాటితే ఎనిమిదిన్నర, అంటే పక్కన వెళ్తున్న ఎస్‌యూవీ ఎంత కడుతుందో అంతే. నెలకు ఇరవై పనిదినాలు వేసుకున్నా 85 డాలర్లకూ 170 డాలర్లకూ ఉన్న తేడా ఇది. టెక్ కంపెనీ జీతగాడికి పెద్ద లెక్క కాకపోవచ్చు. ఆ వంతెన దాటి పాలో ఆల్టోలో హోటల్ వంటింట్లో పనికి వెళ్లే కుర్రాడికి పెద్ద లెక్కే. అతని షిఫ్టు మొదలయ్యేది పదకొండింటికి.

"ఒక్కడివే పోతావు కదా, నీకు కార్‌పూల్ లేన్ ఏమిటి?" అని మావాళ్లే అడుగుతుంటారు. 2025 సెప్టెంబరు చివరితో ఎలక్ట్రిక్ కార్లవాళ్ల స్టిక్కర్ సదుపాయం పోయాక ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా వినిపిస్తోంది. నిన్నమొన్నటి దాకా టెస్లాలో ఒంటరిగా అదే లేన్‌లో వెళ్లినవాళ్లు ఇప్పుడు పక్క లేన్‌లో నిలబడి నన్ను చూసే చూపు వేరేగా ఉంటుంది. వాళ్ల కడుపుమంట నాకు తెలుసు. కానీ మోటార్‌సైకిల్‌ను ఆ లేన్‌లోకి రానిచ్చింది కాలుష్యం తగ్గిస్తుందని కాదు, ఇద్దరు ఎక్కొచ్చు కదా అనీ కాదు. 1982 నాటి ఫెడరల్ చట్టం నుంచీ ఉన్న మాట ఇది: ప్రమాదకరమని తేలితే తప్ప మోటార్‌సైకిళ్లను ఈ లేన్లలోంచి రాష్ట్రాలు ఆపకూడదు. ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్‌లో బైకు నడిపేవాడి వెనకాల బంపర్ లేదు, డిక్కీ లేదు, వీపే ఉంది. ఫోన్ చూస్తూ వచ్చే కారుకు అడ్డం ఆ వీపే. కదిలే లేన్‌లో ఉంటే ఆ ముప్పు తగ్గుతుంది. చట్టానికి వెనక ఉన్న ఆలోచన అది.

అది ప్రాణానికి సంబంధించిన ఆలోచన అయినప్పుడు, దానికి తోడుగా ఇచ్చిన రాయితీకి పదింటికల్లా కాలం చెల్లిపోవడం ఏమిటి? కార్ల విషయంలో గంటల లెక్క అర్థమవుతుంది. ముగ్గురు మూడు కార్లలో రాకుండా ఒక కారులో వస్తే రద్దీ గంటల్లో రెండు కార్ల చోటు మిగులుతుంది, ఆ మేలుకు బహుమానం రద్దీ గంటల్లోనే ఇస్తారు. బైకు సంగతి అలా కాదు. అది తొమ్మిదింటికి ఎంత చోటు తీసుకుంటుందో పదకొండింటికీ అంతే తీసుకుంటుంది.

పైగా ఈ పదింటి గీత మా ప్రాణం మీదికి తెస్తోంది. ఆ సంగతి మీ బల్ల దాకా వచ్చిందో లేదో గానీ, రోడ్డు మీద రోజూ కనబడుతుంది. నాకు హైదరాబాద్ టీమ్‌తో కాల్ పొద్దున ఏడున్నరకు. తొమ్మిదికి అయిపోవాల్సిన కాల్ "ఒక్క నిమిషం, ఇంకో పాయింట్" అంటూ తొమ్మిదిన్నర దాకా సాగుతుంది. అప్పుడు హెల్మెట్ తగిలించుకుని వంతెన వైపు వెళ్లే 84 నంబరు హైవే ఎక్కితే కళ్లు రోడ్డు మీద కాక మీటర్ పక్కనున్న గడియారం మీదికి పోతుంటాయి. 9:50. 9:54. నాలాంటివాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. గేర్ మార్చిన చప్పుడులోనే తెలిసిపోతుంది ఎవరికి తొందరగా ఉందో.

ఆ చోటును ఒకసారి దగ్గర నుంచి చూడండి. మామూలు లేన్లు దాదాపు ఆగిపోయి ఉంటాయి. పక్కనే కార్‌పూల్ లేన్‌లో బండ్లు యాభై మైళ్ల వేగంతో పోతుంటాయి. మధ్యలో ఉన్నది రోడ్డు మీద గీసిన తెల్లరంగు. ఆగిన వరసలో విసిగిపోయిన కారువాడు ఇండికేటర్ వేయకుండానే ఇటు దూకుతాడు. వాడు దూకబోతున్నాడని ముందుగా చెప్పేది ముందు చక్రం ఒక్కటే. అది ఓ అంగుళం ఇటు తిరిగిందంటే కారు వచ్చేసినట్టే లెక్క. అందుకే బైకు నడిపేవాళ్లం డ్రైవర్ మొహం చూడం, టైరు చూస్తాం. మొన్న చలికాలంలో నల్లటి పికప్ ఒకటి అలాగే దూకింది. నేను టైరు మీద కన్నేసి ఉన్నాను కాబట్టి బ్రేక్ అందింది. వెనక చక్రం కాస్త జారి మళ్లీ పట్టు దొరికింది. ఆ పికప్‌లో ఉన్నది ఒక్కడే. కార్‌పూల్ లేన్ ఉల్లంఘనకు జరిమానా కనీసం 490 డాలర్లు, బోర్డు మీద రాసే ఉంటుంది. పట్టుకునేవాళ్లు ఉంటే కదా.

సరిగ్గా ఇలాంటి చోట, సరిగ్గా ఆ పది నిమిషాల్లో బైకులవాళ్లను ఆ లేన్‌లోకే తోస్తోంది మీ షరతు. రాయితీ కావాలంటే వేరే లేన్‌లోంచి దాటడానికి లేదు. పదింటిలోపు దాటక తప్పదు. టోల్ దాటాక డంబార్టన్ వంతెన మీద కార్‌పూల్ లేన్ ఉండదు, మూడు మామూలు లేన్లే, మళ్లీ అందరితో కలవాలి. పడమటి గాలి ఉన్న రోజున ఆ వంతెన నడిమి ఎత్తు మీద బండిని నిటారుగా నిలపడమే ఒక పని. గాలి ఎక్కువగా ఉన్నా, వాన పడుతున్నా నిదానంగా, తనకు నచ్చిన లేన్‌లో పోయే స్వేచ్ఛ బైకు నడిపేవాడికి ఉండాలి. దానికి ధర నాలుగుంపావు డాలర్లు పెట్టారు మీరు.

ఇక ఇరుసుల లెక్క. మీ టోల్ పట్టికలో బండిని కొలిచేది ఇరుసులతో. రెండు ఇరుసులుంటే ఒకటే ధర. నా బండి, నేను కలిపి రెండున్నర వందల కిలోలు దాటం. పక్కన రెండు టన్నుల ఎస్‌యూవీ. బియ్యం బస్తాకూ ఉప్పు పొట్లానికీ ఒకే కూలి అడిగినట్టుంది. 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయ్‌లోని ఒటావా దగ్గర రోడ్ల మీద ట్రక్కులు తిప్పి చేసిన పెద్ద పరీక్షలో తేలిందేమంటే, రోడ్డు అరుగుదల ఇరుసు బరువుకు సుమారుగా నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు మీద బరువు ఎనిమిది రెట్లయితే అరుగుదల నాలుగు వేల రెట్లు. అలాగని నేను నాలుగు వేలో వంతు టోల్ కడతాననట్లేదు.

ఎందుకంటే మీ ఇంజినీర్లు చెప్పే జవాబు నాకు తెలుసు. లారీల ముందు కార్లు, బైకులు రెండూ లెక్కలోకే రావనీ, వంతెనల ఖర్చులో ఎక్కువ భాగం అరుగుదలది కాదనీ అంటారు. నిజమే. 1989 అక్టోబరు భూకంపంలో బే బ్రిడ్జి పైఅంతస్తు ముక్క ఒకటి కూలింది. దాని బదులు కట్టిన తూర్పు వంతెన 2013 సెప్టెంబరులో తెరిచేసరికి ఖర్చు 640 కోట్ల డాలర్లయింది. ఆ అప్పు, మిగతా వంతెనల్ని భూకంపాలకు తట్టుకునేలా చేసిన అప్పు మనందరిదీ. మేమూ కట్టాలి, కడుతున్నాం. ఉచితంగా పోనివ్వమనట్లేదు, సగం కడతామంటున్నాం. ఆ సగం కూడా మీరు ఇప్పటికే ఒప్పుకున్న సగమే.

వేరేచోట్ల ఏం చేస్తున్నారో మీకు తెలియంది కాదు. న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉన్న మా బంధువులు న్యూయార్క్ వెళ్లే పోర్ట్ అథారిటీ వంతెనల మీద మోటార్‌సైకిల్‌కు వేరే ధర ఉంది, కారు కంటే తక్కువ. లండన్ పక్కన డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ దగ్గర మోటార్‌సైకిల్‌కు అసలు రుసుమే లేదు. మా ఊళ్ల సంగతంటారా, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు వస్తాయి. సంక్రాంతికి అక్కడ కార్లు బారులు తీరి ఉంటే బైకులవాళ్లు పక్క సందులోంచి పైసా కట్టకుండా పోతారు. భారతదేశంలో జాతీయ రహదారుల మీద టూవీలర్లకు టోల్ లేదు. అయితే అక్కడంతా బాగుందనీ చెప్పను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకును ఎక్కనివ్వనే ఎక్కనివ్వరు. మీరు ఎక్కనిచ్చారు, కార్ల వరసల మధ్య సందుల్లోంచి పోవడాన్ని కూడా కాలిఫోర్నియాలో 2017 నుంచి చట్టంలో రాసుకున్నారు. అమెరికాలో ఆ పని ముందు చేసిన రాష్ట్రం ఇదే. ఇంత చేసినవాళ్లు టోల్ దగ్గర గడియారం పట్టుకుని కూర్చోవడమే నాకు వింతగా ఉంది.

అమలు కష్టమనే మాట ఇప్పుడు చెల్లదు. 2020 మార్చి నుంచి ఈ వంతెనల మీద నగదు తీసుకునే మనిషి లేడు. అంతా ట్యాగ్, కెమెరా. మోటార్‌సైకిల్ నంబర్ ప్లేటే వేరు, కారు ప్లేటు కంటే చిన్నది, వెనక మాత్రమే ఉంటుంది. ఖాతాలో బండి నంబరు ముందే రాసుకుని ఉంటుంది. అది మోటార్‌సైకిల్ అని తెలుసుకోవడానికి ఏ లేన్‌లోంచి వచ్చిందో చూడాల్సిన పనేముంది? ట్యాగ్ సంగతి కూడా కాస్త ఆలోచించండి. మాకు విండ్‌షీల్డ్ ఉండదు. జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటాం. 880 హైవే మీద డబ్బు కట్టి వాడుకునే ఎక్స్‌ప్రెస్ లేన్‌లో ఉచితంగా వెళ్లాలంటే, బండిలో ఎందరున్నారో చెప్పే దాని మీట 3 దగ్గర ఉండాలి, నేనొక్కణ్ణే ఉన్నా సరే. జేబులో తాళాలకు తగిలి మీట 1 మీదికి జారితే ఆ రోజు డబ్బులు పోయినట్టే. నేను దాని మీద ఇన్సులేషన్ టేపు అంటించాను. ప్లేటును బట్టి తేల్చేస్తే ఈ తంటా ఉండదు.

ఆదాయం పోతుందంటారా, ఎంత పోతుందో ఆ అంకె బయట పెట్టండి. పదింటి తర్వాత, శని ఆదివారాల్లో, ఏడు వంతెనల మీదా పూర్తి టోల్ కట్టి దాటుతున్న మోటార్‌సైకిళ్లు ఎన్నో మీ కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని మొత్తం వసూళ్ల పక్కన పెట్టి చూపించి, అప్పుడు వీలుకాదనండి, వింటాను.

శాన్ ఫ్రాన్సిస్కోలో బీల్ స్ట్రీట్ 375లో జరిగే మీ సమావేశానికి వస్తాను. ప్రజలు మాట్లాడటానికి ఇచ్చే కొద్ది నిమిషాల్లో అడగబోయేది కూడా ఇదే: టోల్ పట్టికలో రెండిరుసుల వరసకు పైన మోటార్‌సైకిల్ అని ఇంకో వరస చేర్చి, దాని ఎదురుగా సగం ధర రాయండి. 2027 జనవరి పెంపుకు పట్టిక ఎలాగూ మార్చాలి, అప్పుడే ఇదీ చేర్చవచ్చు. ఈ లోపు, కార్‌పూల్ లేన్‌లోకి కార్లు దూకే ఆ చివరి అర మైలులో హైవే పెట్రోల్ బండి ఒకటి కనబడేలా చూస్తే చాలా మేలు చేసినవారవుతారు.

ఇది చదివే తెలుగువాళ్లకో మాట. బైకు లేకపోయినా పర్వాలేదు, సమావేశానికి రండి. కార్లో వస్తే మాత్రం ముగ్గురు కలిసి రండి, సగం టోల్ మిగులుతుంది.

ఇట్లు,
డంబార్టన్ మీదుగా పనికి వెళ్లే ఒక ఫ్రీమాంట్ బైకువాలా