మన సినిమా సంఘం వార్షిక నివేదిక: క్యారీ ఆన్ క్రూజింగ్ వేసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని స్లౌలో మన సంఘం గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా చేసిన పనుల నివేదిక ఇది. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నెలకో సినిమా ఈ ఏడాదీ నడిచింది. వేసవి సెలవులకి సగం మంది ఇండియా వెళ్లిపోతారు కాబట్టి ఆగస్టులో మాత్రం ఆపాం. పాత తెలుగు సినిమాలకి హాలు ఎప్పటిలాగే నిండింది, ఉగాదికి పిల్లల కార్యక్రమం కూడా బాగా జరిగింది. ఫోటోలు గ్రూపులో ఉన్నాయి, చూసుకోండి. నేను తీరిగ్గా రాయాలనుకున్నది జనవరిలో మనం వేసిన క్యారీ ఆన్ క్రూజింగ్ గురించి.

అరవై ఏళ్లు దాటిన ఇంగ్లిష్ కామెడీ మనవాళ్లకెందుకని కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. నా జవాబు ఒక్కటే. ఆ సినిమా తీసింది మన పక్కనే, ఐవర్ హీత్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ, పిల్లల్ని ఇక్కడి బళ్లకే పంపుతూ, మనం ఉంటున్న ఊరు పక్కన ఏం సినిమాలు పుట్టాయో తెలుసుకోకపోతే మనం సినిమా సంఘం అని పేరు పెట్టుకుని ఏం లాభం? పైగా అది క్యారీ ఆన్ అనే కామెడీ సిరీస్‌లోది, ఆ సిరీస్‌లో 31 సినిమాలు వచ్చాయి, 1958లో మొదలై 1992 దాకా. ఇక్కడి మన ఇరుగుపొరుగు పెద్దవాళ్లు వాటిని టీవీలో చూస్తూ పెరిగారు. వాళ్లని మన హాలుకి పిలవడానికి ఇంతకంటే మంచి సాకు ఉందా?

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. హ్యాపీ వాండరర్ అనే ఓడ మధ్యధరా సముద్రం టూరుకి బయల్దేరబోతుంటే, కెప్టెన్ క్రౌథర్ దగ్గర ఎన్నాళ్లుగానో పనిచేస్తున్న సిబ్బందిలో ఐదుగురు మారిపోతారు. వాళ్ల చోటికి వచ్చినవాళ్లలో ఎవరికీ పని సరిగ్గా రాదు. వంటవాడికైతే సముద్రం పడదు, ఓడ కదిలితే కడుపులో తిప్పుతుంది. బార్‌లో కొత్తగా చేరినతనికి కెప్టెన్‌కి ఇష్టమైన డ్రింక్ ఎలా కలపాలో తెలియదు. డాక్టర్ ఒక ప్రయాణికురాలి వెంటపడి, రాత్రిపూట ఆమె కోసం పాట పాడతాడు, ఆ అమ్మాయేమో హాయిగా నిద్రపోతుంటుంది. ఆ సీన్‌కి మన హాల్లో నవ్వని మనిషి లేడు. కెప్టెన్‌గా సిడ్ జేమ్స్, ఫస్ట్ ఆఫీసర్‌గా కెన్నెత్ విలియమ్స్, డాక్టర్‌గా కెన్నెత్ కానర్, వంటవాడిగా లాన్స్ పెర్సివల్. చివరికి అందరూ కలిసి కెప్టెన్ పదేళ్ల సర్వీసుకి చెప్పకుండా పార్టీ చేస్తారు. అట్లాంటిక్ దాటే పెద్ద ఓడకి కెప్టెన్ కావాలని కలలు కన్న మనిషి, అవకాశం చేతికొచ్చాక ఈ సిబ్బందిని వదల్లేక ఉండిపోతాడు.

సినిమాకి ముందు మనం ఇచ్చిన పరిచయం చాలామందికి నచ్చిందని విన్నాను, అందుకే అందులోంచి కొంత ఇక్కడ రాస్తున్నాను, రాలేనివాళ్లకి పనికొస్తుంది. సిరీస్‌లో ఇది ఆరోది, రంగుల్లో తీసిన మొదటిది. విచిత్రమేంటంటే తర్వాతి ఏడాది వచ్చిన క్యారీ ఆన్ క్యాబీని మళ్లీ బ్లాక్ అండ్ వైట్‌లోనే తీశారు. నిర్మాత పీటర్ రోజర్స్, దర్శకుడు జెరాల్డ్ థామస్ ఖర్చు దగ్గర చాలా గట్టి మనుషులు. నటుల్ని ఏ మధ్యధరా సముద్రానికీ తీసుకెళ్లలేదు, 1962 జనవరి, ఫిబ్రవరిలో పైన్‌వుడ్‌లోనే డెక్ సెట్ వేసి తీసేశారు. ఎండలో వెచ్చగా పడుకున్నట్టు కనిపించే ప్రయాణికులంతా పైన్‌వుడ్ ఉన్న బకింగ్‌హామ్‌షైర్ చలికాలంలో లైట్ల కింద ఉన్నవాళ్లే. ఏప్రిల్‌కల్లా సినిమా థియేటర్లలో ఉంది. ఇవాళ ఒక పాట షూటింగ్‌కే అన్ని వారాలు పడుతుంటే, నాకు ఆ వేగం మీద గౌరవం కలుగుతుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. తెర మీద కథ ఏమిటో తెర వెనకా అదే జరిగింది. సిరీస్‌లో మామూలుగా ఉండే చార్ల్స్ హాట్రీ, పోస్టర్ మీద తన పేరు ఎక్కడ ఉండాలన్న పేచీతో ఈ సినిమాలో లేకుండా పోయాడు. నటి జోన్ సిమ్స్‌కి షూటింగ్ ముందు ఒంట్లో బాగోలేక తప్పుకోవాల్సి వస్తే, అప్పటికప్పుడు డిలిస్ లే వచ్చి ఆ పాత్ర చేసింది. చూస్తే ఎక్కడా తెలియదు, ఆమె కోసమే రాసినట్టుంటుంది. అన్నట్టు ఆస్ట్రేలియాలో పుట్టిన ఎస్మా కానన్ అనే చిన్నపాటి ఆవిడ ఇందులో ఉంది. తెర మీదకి వచ్చిన ప్రతిసారీ మన అమ్మమ్మలు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల మీద వేసిన కొన్ని జోకులు మాత్రం ఇప్పుడు వింటే బాగోలేవు, ఆ మాట పరిచయంలోనే చెప్పాం, చెప్పాల్సిందే కూడా.

ఆ సాయంత్రానికి ప్రాణం పోసింది మాత్రం విశాఖపట్నం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన. మర్చంట్ నేవీలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యారు. సినిమా అయ్యాక మైక్ ఇస్తే, ముందు మొహమాటపడినా, ఓడ వంటగది ఎలా ఉంటుందో కళ్లకి కట్టినట్టు చెప్పారు. పొయ్యి మీద గిన్నెలు జారిపోకుండా చుట్టూ ఇనుప కడ్డీలు బిగిస్తారట, సముద్రం ఎగిసిపడే రోజున సాంబారైనా సూపైనా గిన్నెలో సగానికి మించి పోయరట, బల్ల మీద గుడ్డని తడిపి పరుస్తారట, ప్లేట్లు కదలకుండా. కొత్తగా ఓడెక్కిన వంటవాళ్లు మొదటి వారం పడే అవస్థ సినిమాలో ఉన్నదానికేమీ తక్కువ కాదన్నారు. ఆయన చెయ్యి వంచి గరిటె పట్టుకున్నట్టు, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ చూపిస్తుంటే ముందు వరసలో కూర్చున్న ఇంగ్లిష్ పెద్దాయన లేచి వచ్చి కరచాలనం చేశారు. ఆయన కూడా కుర్రతనంలో సౌతాంప్టన్ నుంచి వెళ్లే ఓడల్లో పనిచేశారట. ఇద్దరూ టీ అయిపోయాక కూడా కదల్లేదు, హాలు తాళం వేసేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మన సంఘం పెట్టినప్పటి నుంచి నేను చూసిన సాయంత్రాల్లో ఇదే అన్నిటికన్నా గొప్పదని ఈ నివేదికలో నమోదు చేస్తున్నాను.

దానికి ముందు ఆదివారం కొందరం పిల్లలతో కలిసి బ్లాక్ పార్క్ దాకా నడిచాం. స్టూడియోని ఆనుకునే ఆ అడవి ఉంది. స్టూడియో లోపలికి మామూలు జనాన్ని రానివ్వరు, ఈ అడవిలోకైతే ఎవరైనా వెళ్లొచ్చు, ఇదే సిరీస్‌లోని క్యారీ ఆన్ కౌబాయ్ కొన్ని సీన్లు అక్కడ తీసినవే. అమెరికా అని చూపించింది ఈ చెట్లనేనా అని పిల్లలు తెగ ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు కృతజ్ఞతలు. మిర్చి బజ్జీలు, అల్లం టీ చేసిన అక్కలకి, వాళ్లు సినిమా సగం కూడా చూడకుండా వంటింట్లోనే నిలబడ్డారు. తెలుగులో కథ పరిచయం రాసి, ప్రింట్ తీసి, కుర్చీ కుర్చీకి పెట్టిన చెల్లెమ్మకి. సౌండ్ బాక్సు ఆఖరి నిమిషంలో పలకనంటే ఇంటికి పరుగెత్తి సొంత స్పీకర్ తెచ్చిన తమ్ముడికి. కుర్చీలు వేసి, మళ్లీ మడిచి, ఊడ్చి వెళ్లిన ఇద్దరు కాలేజీ పిల్లలకి. పక్కింటివాళ్లని పేరుపేరునా పిలిచి తీసుకొచ్చిన సభ్యులందరికీ. అందరి పేర్లూ వెనక పేజీలో వేశాం, దయచేసి చదవండి.

ఒక మాట నొచ్చుకున్నా చెప్పాలి. వాట్సాప్‌లో మేం వస్తాం, మేం చేస్తాం అని బొటనవేలు పెట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ రోజు రాలేదు, రామని ముందు చెప్పనూ లేదు. పని చేసినవాళ్లలో సగం మంది అసలు పేరు ఇవ్వనివాళ్లే, ఊరికే సినిమా చూడ్డానికి వచ్చి చేతులు మడుచుకుని కూర్చోలేక చొక్కా చేతులు పైకి లాగినవాళ్లు. వాళ్లు లేకపోతే ఆ రోజు పరువు పోయేది. రాలేకపోవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. ఇంట్లో పెళ్లికి వంటవాడు ఇలా చేస్తే ఊరుకుంటామా? ఇక హాలు సంగతి. హీటర్ పనిచేయడం లేదని సంబంధిత ఆఫీసుకి నవంబర్ నుంచీ మెయిళ్లు పెడుతూనే ఉన్నాం, చూస్తున్నాం అనే జవాబే వస్తోంది, పెద్దవాళ్లు ఆ చలిలో శాలువాలు కప్పుకుని కూర్చోవాల్సి వచ్చింది. డబ్బు కట్టి వాడుకునే హాలుకి ఇంత బతిమాలుకోవడం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. ఇంకోసారి రాస్తున్నాం, ఈసారి సభ్యుల సంతకాలతో.

లెక్కల పత్రం జత చేశాం. హాలు అద్దె, సినిమా ప్రదర్శన లైసెన్స్, తిండి ఖర్చు, అంతే. చందాలు టికెట్ల డబ్బుతో కలిపి సరిపోయాయి, కొంచెం మిగిలింది. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి. చందా ఇంకా కట్టనివాళ్లు ఈ నెలలో కట్టేయండి.

వచ్చే ఏడాది టాక్సీలు నడిపేవాళ్ల కథైన క్యారీ ఆన్ క్యాబీ వేద్దామని కమిటీ అనుకుంటోంది. మన ఊళ్లో టాక్సీ నడిపే మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు, ఆ రోజు మైక్ వాళ్లకే ఇవ్వాలని నా ప్రతిపాదన, సమావేశంలో ఓటుకి పెడుతున్నాం. హాలు బాధ్యత, సౌండ్ బాధ్యత, వంటింటి బాధ్యత మూడూ ఖాళీగా ఉన్నాయి. పేరు ఇచ్చేవాళ్లు సమావేశంలోనే లేచి నిలబడి ఇవ్వండి, గ్రూపులో బొటనవేలు లెక్కలోకి తీసుకోం.

కార్యదర్శి