బడి గది తాళంచెవి ఇప్పించండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. నెల్లూరు జిల్లా తీరంలోని ఒక యానాది కాలనీ నుంచి రాస్తున్నాను. మా వాళ్లలో యూనివర్సిటీ దాకా వెళ్లిన కొద్దిమందిమి సెలవులకు ఊరికొచ్చి సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతున్నాం. జీతం అడగడం లేదు. ఊరి బడిలో ఒక గది, ఒక లైటు అడిగాం. ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందు ఇలా రాయాల్సి వచ్చింది.

తల్లిదండ్రులు రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో పోతే పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి. ఐదో తరగతి పాప ఒకతి, అందరి ముందు చదవమంటారనే టెన్షన్‌తో బడే మానేసింది. మా దగ్గరికి మాత్రం రోజూ వస్తుంది, వీధి లైటు కింద కూడబలుక్కుని చదువుతుంది. ఆ బిడ్డకు తెలివి తక్కువేం కాదండీ. అక్టోబరు వానలు పట్టుకుంటే అక్కడా కూర్చోలేం.

చదువు మధ్యలో ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. 1990ల మొదట్లో ఈ జిల్లాలోనే వాలంటీర్లు రాత్రి బడులు నడిపారు. అక్కడ అక్షరాలు దిద్దిన దూబగుంట మహిళలే సారాపై తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆనాడు జిల్లా యంత్రాంగం ఆ బడులకు అండగా ఉంది.

బడి వేళల తర్వాత గది వాడుకోవడానికి ఈ నెలాఖరులోగా రాతపూర్వక అనుమతి ఇప్పించండి. బడి మానిన పిల్లల జాబితా మేం ఇస్తాం, వారికి ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టించండి. కుదరదంటే కారణం కాగితం మీద తెలియజేయండి.

ఇట్లు,
కాలనీ విద్యార్థి వాలంటీర్ల తరఫున
ఒక పీజీ విద్యార్థిని