వార్షిక నివేదిక 2024-25: విద్యుత్ రంగ నాయకత్వ పురస్కారం, ఎంపిక జరిగిన తీరు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం శ్రమలో సగానికి పైగా ఒక్క పురస్కారానికే పోయింది. కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటిచ్చాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

గ్రహీత పేరు డిసెంబర్ 14న, జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం నాటి సభలో ప్రకటించాం. ఆ తర్వాత సభ్యులు ఎక్కువగా అడిగింది ఎంపిక ఎలా చేశారని. అదే ఇక్కడ రాస్తున్నాం.

విజయవాడలో విద్యుత్ నాయకత్వం అనగానే నార్ల తాతారావు గారి పేరే ముందు వస్తుంది. 1974 నుంచి 1988 దాకా రాష్ట్ర విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా ఉన్నారు, 1983లో పద్మశ్రీ అందుకున్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కు ఆయన పేరే పెట్టారు. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500ది ఒకటి, 800ది ఒకటి, కలిపి 2560 మెగావాట్లు. ఆ కొలతతో సబ్‌డివిజన్ అధికారిని తూచడం న్యాయం కాదు. అయితే ఎంత కరెంటు పుట్టినా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోతే ఇంట్లో ఫ్యాన్ తిరగదు. అందుకే ఈసారి పురస్కారాన్ని పంపిణీ రంగం అధికారులకే పరిమితం చేశాం. పేపర్ కటింగులు, ఫొటో ఆల్బమ్‌లు జతచేసిన నామినేషన్లను లెక్కలు పంపమని తిప్పి పంపాం.

మొత్తం 100 మార్కుల్లో సిబ్బంది భద్రతకు 35, ట్రాన్స్‌ఫార్మర్ల సంరక్షణకు 25, సరఫరా అంతరాయాలకు 25, సిబ్బంది మాటకు 15 కేటాయించాం. ఆ ఏడాది ఆ అధికారి పరిధిలో ప్రాణనష్టం జరిగి ఉంటే మిగతావి ఎంత బాగున్నా పరిశీలించలేదు. ఇది కఠినమని కొందరు సభ్యులు అన్నారు. కమిటీ మాత్రం మార్చలేదు.

అంతరాయాల లెక్క చూడటానికి తేలిక, మోసపోవడానికి ఇంకా తేలిక. పద్ధతి ఇది: కరెంటు పోయిన వినియోగదారుల సంఖ్యను పోయిన నిమిషాలతో గుణించి, మొత్తం వినియోగదారులతో భాగించాలి. 2000 మంది ఉన్న ఫీడర్‌లో (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే 11 కేవీ లైన్‌లో) 500 మందికి గంటసేపు పోతే, సగటున ఒక్కొక్కరికి 15 నిమిషాలు. చిక్కు ఎక్కడంటే, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో పడేది 11 కేవీ బ్రేకర్ ట్రిప్పయినప్పుడే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజ్ హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజ్ ఎగిరితే సబ్‌స్టేషన్‌కు తెలియదు, లాగ్‌బుక్ శుభ్రంగానే ఉంటుంది, వీధి మాత్రం చీకట్లో ఉంటుంది. అందుకని లాగ్‌బుక్‌తో పాటు అదే తేదీల్లో 1912 హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఫిర్యాదుల జాబితా కూడా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. లాగ్‌బుక్ మాత్రమే పంపినవారికి ఈ విభాగంలో సగం మార్కులే వేశాం.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ముంచెత్తిన రోజుల్ని ఈ లెక్కలోంచి తీసేశాం. నీళ్లలో మునిగిన వీధికి సరఫరా ఆపడమే సరైన పని. ఆ నిమిషాలను అధికారి లోపం కింద లెక్కవేస్తే జాగ్రత్తపడిన అధికారి శిక్ష అనుభవిస్తాడు. దాని బదులు తిరిగి సరఫరా ఇచ్చిన తీరు చూశాం. మునిగిన మీటర్లు, ఎంసీబీలు ఆరబెట్టి వాడనిచ్చారా, మార్పించారా? వైరింగ్‌కు మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూశాకే ఇచ్చారా? ఇళ్లలో ఇన్వర్టర్లు, జనరేటర్ల నుంచి కరెంటు లైన్‌లోకి వెనక్కి రాకుండా ఏం చేశారు? వరదల్లో లైన్‌మన్‌కు అసలు ప్రమాదం ఈ మూడోదే.

ట్రాన్స్‌ఫార్మర్ల విభాగంలో కాలినవి ఎన్ని అన్న సంఖ్య ఒక్కటే అడగలేదు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (ఇళ్లకు వెళ్లే తక్కువ వోల్టేజ్) వైపు పూర్తి లోడ్ ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు. ఒకచోట ఆర్ ఫేజ్‌లో 150, వై 90, బీ 60 ఉన్నాయనుకోండి. సగటు 100, కాగితం మీద ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆర్ ఫేజ్ చుట్ట రోజూ రాత్రి మాడుతూనే ఉంటుంది, న్యూట్రల్‌లో (మూడు ఫేజులకూ ఉమ్మడి తీగలో) దాదాపు 79 ఆంపియర్లు పారుతుంది. ఆ న్యూట్రల్ జాయింట్ వదులై ఊడిందంటే లోడ్ తక్కువున్న ఫేజుల్లో వోల్టేజ్ పెరిగి టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి. రాత్రి 8 నుంచి 11 మధ్య ఫేజుల వారీగా తీసిన రీడింగులున్న రిజిస్టర్, దాన్ని చూసి సర్వీసులు ఒక ఫేజ్ నుంచి మరో ఫేజుకు మార్చిన ఆధారం చూపినవారికే పూర్తి మార్కులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ముందు పోయేవి రోళ్లు కాదు, సరిచూడని ట్రాన్స్‌ఫార్మర్లు.

బ్రీదర్లు (ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే గాలిలోని తేమను పీల్చేవి) కూడా కమిటీ స్వయంగా కింద నిలబడి చూసింది. నీలం సిలికాజెల్ గులాబీ రంగులోకి తిరిగిందంటే తేమ పట్టినట్టు. అడుగున ఆయిల్ కప్పు ఖాళీగా ఉంటే కొత్త జెల్ పోసినా లాభం లేదు, కృష్ణాతీరపు తేమగాలి నేరుగా లోపలికి పోతుంది. ఎర్తింగ్‌కు 5 ఓంలు దాటకూడదని పెట్టుకున్నాం. మొగల్రాజపురం, గుణదల కొండల వైపు రాతినేలలో అది అంత సులువు కాదు. అక్కడ ఎర్తింగ్ గుంటల మధ్య దూరం, వేసవిలో నీళ్లు పోసిన రికార్డు చూసి మార్కులిచ్చాం.

భద్రతలో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపి పనికిచ్చే అనుమతి) పుస్తకమే కీలకం. బ్రేకర్ ఆపడం, ఏబీ స్విచ్ (స్తంభం మీది లైన్ స్విచ్) తెరిచి, తెరుచుకుందని కళ్లారా చూసి తాళం వేయడం, కరెంటు లేదని పరీక్షించడం, పనిచోటుకు రెండువైపులా డిశ్చార్జ్ రాడ్లతో (వీటినే ఎర్త్ రాడ్లంటారు) ఎర్త్ చేయడం, పనయ్యాక మనుషుల్ని, పనిముట్లను లెక్కపెట్టి అప్పుడు ఎల్‌సీ తిరిగివ్వడం. తప్పు జరిగేది ఎక్కువగా చివరిలో. ఒకే ఫీడర్ మీద రెండు బృందాలు పనిచేస్తుంటే ఒకరు ఫోన్‌లో "అయిపోయింది" అంటారు, రెండోవారు ఇంకా స్తంభం మీదే ఉంటారు. ప్రతి బృందానికీ విడి ఎల్‌సీ నంబరు ఉందా, తిరిగిచ్చిన సమయం రాశారా అన్నది పుస్తకంలో వరుసగా చూశాం. అన్ని గీతలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండిన పుస్తకం ఒకటి వచ్చింది. దాని సంగతి చెప్పక్కర్లేదు.

సిబ్బంది మాట విభాగంలో అధికారి లేనప్పుడు లైన్‌మన్లను, ఎనర్జీ అసిస్టెంట్లను రెండే ప్రశ్నలు అడిగాం: గ్లవ్స్ చివరిసారి ఎప్పుడిచ్చారు, ఎర్త్ రాడ్ లేదని పని ఆపితే ఏమవుతుంది. రెండో ప్రశ్నకు తడుముకోకుండా జవాబొచ్చిన చోటికే పురస్కారం వెళ్లింది.

సభలో శాలువా ఒకటి, జ్ఞాపిక ఒకటి. దండలు పెట్టలేదు. నగదు బహుమతికి బదులు గ్రహీత బృందానికి 11 కేవీకి సరిపడే క్లాస్ 2 రబ్బరు గ్లవ్స్, వాటిపైన తొడిగే తోలు గ్లవ్స్, డిశ్చార్జ్ రాడ్లు ఇచ్చాం. రబ్బరు గ్లవ్స్ బండి డిక్కీలో కటింగ్ ప్లయర్‌తో కలిపి పడేస్తే కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. వాడే ముందు ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టి గాలి నిలుస్తుందో లేదో చూడాలి. ఈ పద్ధతి వేదిక మీదే చేసి చూపించాం.

మిగతా కార్యక్రమాల్లో రూఫ్‌టాప్ సోలార్ సభలకు స్పందన బాగుంది. పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ. కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. అపార్ట్‌మెంట్లలో వాటర్ ట్యాంకు నీడ లెక్కలోకి తీసుకోకుండా సంతకం చేసినవాళ్లే తర్వాత యూనిట్లు రావడం లేదని వస్తున్నారు.

వచ్చే ఏడాది నామినేషన్లకు మే నెల రాత్రి రీడింగులు తప్పనిసరి. వాటిని సరిచూడటానికి సాయంత్రాలు రాగలిగిన సభ్యులు కార్యదర్శి దగ్గర పేరు రాయించండి. టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు కొలిచే పరికరం) పట్టేది లైన్‌మనే. మనవాళ్లు చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె కంచెకు ఇవతలే నిలబడి అంకెలు రాసుకోవాలి.