మన స్టడీ హాల్ తలుపు గురించి

తమ్ముళ్లకి, చెల్లెళ్లకి, నన్ను నమ్మి పిల్లల్ని పంపుతున్న అమ్మానాన్నలకి,

మొన్న మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి వేదాయపాళెంలో మన స్టడీ హాల్ ముందు తొమ్మిది మంది వానలో నిలబడ్డారు. ఎన్నిసార్లు నంబరు కొట్టినా కీప్యాడ్ లాక్ పలకలేదు. నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. మిస్డ్ కాల్స్ చూసుకుని కోవూరు నుంచి వచ్చేసరికి ఆరు దాటింది. వాళ్లలో ఇద్దరికి ఆ రోజే పరీక్ష. ఇద్దరూ ఎదురుగా మూసి ఉన్న టీ బంకు పట్టా కింద నిలబడి ఫోన్ లైటుతో నోట్సు తిరగేస్తున్నారు. నన్ను చూసి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఈ లాక్ ఎందుకు పెట్టించానో మీకు తెలుసు. తాళంచెవి టీ బంకు పెద్దాయన దగ్గర ఉండేది. ఆయన ఊరెళితే అందరికీ ఇబ్బందే. చేయించిన మూడు డూప్లికేట్లలో ఒకటి పోయింది. అది ఎవరి చేతిలో ఉందో తెలియకుండా రాత్రిపూట ఆడపిల్లల్ని లోపల చదువుకోమనడానికి నాకు మనసొప్పలేదు.

కానీ ఆ లాక్ కోసం మా నాయన చేయించిన టేకు తలుపుకి రంధ్రం పెట్టాలి. చిన్న రంధ్రం కూడా కాదు, 54 మిల్లీమీటర్లు. తలుపు అంచు నుంచి 60 మిల్లీమీటర్ల దూరంలో దాని మధ్యభాగం రావాలి. సరిగ్గా అక్కడే నాయన చెక్కించిన లత ఉంది. డబ్బాలో వచ్చిన కాగితం కొలతని తలుపుకి ఆనించి చూస్తే ఒక ఆకు పూర్తిగా, ఇంకో ఆకు సగం గుండ్రంలోకి వచ్చేశాయి. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. తలుపు తీసి దాచిపెట్టి ఫ్లష్ డోర్ వేయించనా అనుకున్నాను. బయట ఇనుప గ్రిల్ పెట్టి లాక్ దానికి బిగించనా అనుకున్నాను. అమ్మని అడిగితే, "మీ నాయన ఆ తలుపు పెట్టించింది నలుగురూ లోపలికి రావడానికేగదా, కొయ్యరా" అంది. చెక్క పెచ్చులు లేవకుండా వడ్రంగి రెండు వైపుల నుంచీ సగం సగం కోశాడు. ఆకున్నర ఉన్న ఆ గుండ్రటి ముక్క ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

అంత చేసి పెట్టించుకున్నది మీకు వానలో ఉపయోగపడలేదు.

కారణం ఇది. లాక్ అమ్మిన షాపు నుంచి వచ్చిన కుర్రాడు ద్వారబంధంలో గడియ దూరే గుంతని పూర్తి లోతు తవ్వలేదు. గడియ 25 మిల్లీమీటర్లు బయటికి రావాలి. గుంత 15 మిల్లీమీటర్లే ఉంది. మూసిన ప్రతిసారీ గడియ వెళ్లి చెక్కకి గుద్దుకుంటోంది, మోటారు ఇంకా నెట్టాలని చూస్తోంది. నెలల తరబడి రావలసిన నాలుగు బ్యాటరీలు పది వారాలకే అయిపోయాయి. వానలు మొదలై చెక్క ఉబ్బాక మోటారు మీద భారం ఇంకా పెరిగింది.

షాపాయనకి ఫోన్ చేశాను. "మీ పాత తలుపు వంకరండీ, మా లాక్‌ది తప్పు కాదు, కొత్త తలుపు పెట్టించుకోండి" అన్నాడు. మనిషిని పంపుతానని మూడుసార్లు చెప్పాడు, ఎవరూ రాలేదు. లాక్‌తో రావలసిన అత్యవసర తాళంచెవులు మొదటి రోజే ఇవ్వలేదు, స్టాక్ లేదన్నాడు. మిగతావి సర్దుకుంటాను గానీ, ఆ తలుపుని వంకర అంటే సర్దుకోలేను. మా వడ్రంగిని పిలిపించి తూకం గుండు వేయించాను, దారం తలుపు అంచు వెంట సమానంగా దిగింది. గడియ మొనకి సుద్దముక్క రుద్ది, తలుపు మూసి తీశాం. తెల్ల మరక గుంత అడుగున చెక్క మీద పడింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? అరగంటలో ఉలితో గుంత లోతు చేశాడు, ఉబ్బిన అంచుకి సన్నగా చిత్రిక పట్టాడు. ఇప్పుడు మోటారు చప్పుడే మారింది. ఆ షాపు గడప మళ్లీ తొక్కను.

నా తప్పు కూడా ఉంది. బ్యాటరీ తగ్గితే లాక్ బీప్‌మని అరుస్తుంది. చదువుకునేవాళ్లకి ఇబ్బంది అని ఆ శబ్దం ఆపేసింది నేనే. ఎర్రలైటు వెలుగుతోందని ఇద్దరు చెప్పారు కూడా, రేపు చూద్దాంలే అనుకున్నాను. కీప్యాడ్ అడుగున రెండు లోహపు చుక్కలున్నాయనీ, వాటికి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి పట్టుకుని నంబరు కొడితే తెరుచుకుంటుందనీ నాకు తెలియదు. ఆ రోజు పక్కవీధి ఎలక్ట్రీషియన్ తమ్ముడు తన మల్టీమీటర్ విప్పి అందులోని బ్యాటరీ ఇచ్చి తలుపు తెరిపించాడు.

లాక్ తీసేయమని కొందరు అన్నారు. తీయను. కంపెనీకే నేరుగా రాసి తాళంచెవులు తెప్పించాను. ఒకటి నా దగ్గర, ఒకటి టీ బంకు పెద్దాయన దగ్గర ఉంటాయి. 9 వోల్టుల బ్యాటరీ కూడా బంకులోనే ఉంటుంది. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలే వేశాను, ఛార్జింగ్‌వి వేయను. వాటి వోల్టేజీ తక్కువ, అవి ఎప్పుడు అయిపోతాయో లాక్ సరిగ్గా పసిగట్టలేదు. బీప్ శబ్దం మళ్లీ పెట్టాను, కాస్త ఓర్చుకోండి.

అందరికీ ఒకే నాలుగంకెల నంబరు ఇకపై ఉండదు. రోజూ అవే నాలుగు మీటలు నొక్కితే వాటి మీద జిడ్డు కనబడుతుంది. ఆ నాలుగూ తెలిసినవాడు 24 సార్లు ప్రయత్నిస్తే చాలు. ఎవరి ఆరంకెల నంబరు వాళ్లకి విడిగా ఇస్తాను, మానేసినవాళ్లది అదే రోజు తీసేస్తాను. స్నేహితులకి కూడా చెప్పకండి. లోపలి నుంచి బయటికి రావడానికి నంబరు అక్కర్లేదు, పిడి తిప్పితే చాలు. కరెంటు లేకపోయినా అంతే. అమ్మానాన్నలు ఈ ఒక్క విషయంలో టెన్షన్ పడొద్దు, కావాలంటే వచ్చి తిప్పి చూసుకోండి.

అందరి ఫీజు గడువూ రెండు రోజులు పొడిగించాను. ఆ తొమ్మిది మందికి వారం. పరీక్షకి వెళ్లిన ఇద్దరికీ నేను విడిగా ఫోన్ చేశాను, ఆ మాటలు ఇక్కడ రాయను.

రేపటి నుంచి పదిహేను రోజులు తెల్లవారుజామున నాలుగింటికి తలుపు దగ్గర నేనే ఉంటాను.