సైకిలుకు దారి, స్టేషనుకు బస్సు

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళానికి 2015లో నగరపాలక సంస్థ హోదా దక్కింది గాని, 2021 మార్చిలో రాష్ట్రంలోని అనేక నగరాల్లో ఎన్నికలు జరిగినప్పుడు మన నగరానికి ఆ అవకాశం రాలేదు. వార్డు తరఫున అడిగే కార్పొరేటరు లేని లోటు రోడ్ల మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఏడు రోడ్ల కూడలి నుంచి డే అండ్ నైట్ కూడలి వరకు సైకిలు మీద వెళ్లే విద్యార్థులు, కూలీలు, పాలు పోసేవారు ఒకపక్క నిలిపిన వాహనాలకూ, మరోపక్క దూసుకొచ్చే ఆటోలకూ మధ్య ప్రాణాలు అరచేత పట్టుకుని సాగవలసిందే. రోడ్డు వెడల్పు చేయడమంటే కార్లకు చోటివ్వడమే అన్న ఆలోచనను నేను అంగీకరించలేను.

మన రైల్వే స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. రాత్రి రైలు దిగిన కుటుంబం నగరం చేరడానికి ఆటోవారు అడిగినంత ఇచ్చుకోవలసి రావడం జిల్లా కేంద్రానికి తగదు. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించడం మంచి నిర్ణయమే, అయితే బస్సే రాని వేళల్లో ఆ ఉచితం ఎవరికి అందుతుంది? ముఖ్యమైన రైళ్ల వేళలకు అనుగుణంగా స్టేషను నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు మీదుగా అరసవల్లి వరకు బస్సులు నడపాలని, నగరంలో కొత్తగా వేసే ప్రతి ప్రధాన రహదారిలో సైకిళ్లకు విడిగా దారి కేటాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక నగరవాసి, శ్రీకాకుళం