ఎదురింటి ఆవిడకి థాంక్స్

మేం అమెరికాలోని యూటాలో ఉంటాం. మొన్న మావారికి ఉన్నట్టుండి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. చంకలో పసిపిల్ల, అమ్మవాళ్లు ఇండియాలో, నాకు ఒకటే టెన్షన్. ఆదివారం సాయంత్రం తలుపు తీస్తే ఎదురింటి మోర్మన్ ఆవిడ (మోర్మన్లంటే ఇక్కడ ఎక్కువగా ఉండే ఒక క్రైస్తవ శాఖ వాళ్లు), చేతిలో వేడి వేడి గిన్నెతో.

తురిమిన బంగాళాదుంప, చీజ్, పైన కార్న్‌ఫ్లేక్స్. ఇక్కడ దీన్ని ‘ఫ్యూనరల్ పొటాటోస్’, అంటే అంత్యక్రియల బంగాళాదుంపలు, అంటారు. (ఆ పేరు మా అత్తగారికి చెప్పలేదు లెండి!) ఇందులో చాలామంది చికెన్ సూప్ పోస్తారు. మేం శాకాహారులమని ఎప్పుడో మాటల్లో అన్నాను. ఆవిడ గుర్తుపెట్టుకుని మష్రూమ్ సూప్ పోశారు. నాకు అనుమానం రాకుండా ఆ సూప్ డబ్బా లేబుల్ ఊడదీసి, గిన్నె మీది ఫాయిల్‌కి అంటించి మరీ తెచ్చారు.

వాళ్ల చర్చిలో 1842 నుంచి రిలీఫ్ సొసైటీ అనే ఆడవాళ్ల సంఘం ఉంది, ఇలాంటి సాయం అలవాటే అంటారు. కావచ్చు. లేబుల్ అంటించమని మాత్రం ఏ సంఘమూ చెప్పి ఉండదు.

పైగా అది నెలలో మొదటి ఆదివారం, వాళ్లకి ఉపవాసం. మంచినీళ్లు కూడా ముట్టరు. అంటే రుచి చూడకుండానే వండారన్నమాట. నేను తినేదాకా పాపని ఎత్తుకుని తిప్పారు, మతం మాటే ఎత్తలేదు.

చాలా థాంక్స్ అండీ. ఉప్పు సరిగ్గా సరిపోయింది.